కొత్త డ్రైవరుకి లారీ ఒంటరిగా ఎప్పుడు ఇవ్వచ్చు? అప్పటిదాకా ఎలా నేర్పాలి?

"కుర్రాడికి హెవీ లైసెన్స్ వచ్చింది, బండి బాగానే నడుపుతున్నాడు. లోడు ఇచ్చి ఒక్కణ్ణే పంపచ్చా?" ఈ ప్రశ్న అడగని వారం లేదు. అడిగేవాళ్ళలో ఒకటి రెండు లారీలున్న ఓనర్లున్నారు, బండ్లు పంపే సూపర్‌వైజర్లున్నారు, పక్క సీట్లో కూర్చుని నేర్పే సీనియర్లూ ఉన్నారు. అందరికీ కావలసింది ఒక అంకె. ఎన్ని రోజులు తిప్పాలి, ఎన్ని కిలోమీటర్లు తిప్పాలి అని.

ఆ అంకె ఒక్కటే పట్టుకుంటే మోసపోతారు. చదునైన నాలుగు లైన్ల రోడ్డు మీద ఎంత దూరం నడిపినా ఘాట్ దిగడం రాదు. పగలు నడిపినంత మాత్రాన రాత్రి వానలో నడపడం రాదు. అందుకని నేను చూడమనేది ఇది: ఏయే పరిస్థితుల్లో పక్కనున్న సీనియర్ నోరు విప్పే పని పడలేదు? ఆ జాబితా నిండినప్పుడు తాళం ఇవ్వండి. నిండకపోతే ఎన్ని నెలలైనా ఇవ్వకండి.

నేర్చుకునేవాళ్ళే ఇది చదువుతుంటే, మీ సీనియర్ని ఏమేం అడిగి నేర్పించుకోవాలో ఇందులో దొరుకుతుంది.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

- నేర్పడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్న సీనియర్. బాగా నడిపేవాళ్ళందరికీ నేర్పడం రాదు. తను ఎందుకు బ్రేకు వేశాడో మాటల్లో చెప్పగలిగినవాడు కావాలి.
- ఆయనకి నేర్పే రోజులకి విడిగా డబ్బు. ట్రిప్పు లెక్కనే ఇస్తే, కొత్తవాడు నెమ్మదిగా నడిపిన ప్రతిసారీ ఆయన జేబుకి చిల్లు. పది నిమిషాల్లో స్టీరింగు లాక్కుంటాడు.
- ఖాళీ స్థలం, ఏడెనిమిది కోన్లు. కోన్లు లేకపోతే పాత టైర్లు.
- టైరు గాలి చూసే గేజి, టార్చి, చక్రాల కింద పెట్టే దిమ్మలు.
- ఆ బండి మాన్యువల్. కింద నేనిచ్చిన అంకెలకీ మాన్యువల్‌కీ తేడా వస్తే మాన్యువల్‌దే చెల్లుబాటు.
- ఒక నోటుబుక్కు. ఏ రోజు ఏ పరిస్థితిలో నడిపాడు, సీనియర్ ఎన్నిసార్లు కల్పించుకోవలసి వచ్చింది అని రాయడానికి.

1. లైసెన్సు పక్కన పెట్టి మాట్లాడండి

పరీక్ష పాసయ్యాడంటే చిన్న దూరం, ఎక్కువగా ఖాళీ బండి, పగటిపూట నడిపాడని అర్థం. అంతకు మించి ఏమీ కాదు. ఇంతకుముందు లోడుతో నడిపావా, ఏ లోడు, ఘాట్ దిగావా, ఏ గేరులో దిగావు అని అడగండి. "అన్నీ వచ్చు సార్" అనేవాడి కంటే "ఘాట్ దిగలేదు, రాత్రి రెండుసార్లే నడిపాను" అని విడమర్చి చెప్పేవాడు తొందరగా తయారవుతాడు. జవాబులన్నీ నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. ఖాళీగా మిగిలినవే మీ పాఠాలు.

2. ఇంజను స్టార్ట్ చేసే ముందే పాఠం మొదలుపెట్టండి

బండి చుట్టూ ఒకే క్రమంలో తిరగడం నేర్పండి. ఎటునుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు, రోజూ అటునుంచే తిరగాలి. క్రమం మారితే ఏదో ఒకటి వదిలేస్తాడు. వీల్ నట్ల చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే నట్టు వదులైందని అనుమానించాలి. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందా, రెండు టైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయా అని టార్చి వేసి చూడాలి. రాడ్డుతో కొట్టి శబ్దం వినడం పూర్తిగా గాలి పోయిన టైరుని పట్టిస్తుంది గాని, గాలి కొద్దిగా తగ్గిందో లేదో గేజి పెడితేనే తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ టైము ఎయిర్ బ్రేకు (గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకు) పరీక్షకి ఇవ్వండి. వరుస ఇదీ:

చదునైన చోట బండి ఆపి, చక్రాలకి దిమ్మలు పెట్టండి. గాలి నిండే దాకా ఇంజను నడిపి, ఆపేయండి. తాళం మాత్రం ఆన్‌లో ఉంచండి. పార్కింగ్ బ్రేకు తీసి, కాలి బ్రేకు గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోమనండి. డాష్‌బోర్డు మీది గాలి గేజి ముల్లు మొదట కాస్త దిగుతుంది, అది మామూలే. ఆ తర్వాత నిమిషంలో ఒంటి బండికి 0.2 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత), ట్రైలరు ఉంటే 0.3 బార్ కంటే ఎక్కువ దిగితే ఎక్కడో గాలి పోతోంది. ఆ బండి కదలకూడదు.

తర్వాత బ్రేకు తొక్కుతూ వదులుతూ గాలి దించమనండి. సుమారు 4 బార్‌కి వచ్చేలోపే బజరు మోగాలి, లేదా ఎర్ర లైటు వెలగాలి. ఇంకా దించితే 3 నుంచి 1.4 బార్ మధ్యలో పార్కింగ్ బ్రేకు దానంతటదే పట్టేయాలి. ఆ "టప్" శబ్దం కొత్తవాడు తన చెవులతో వినాలి. రోడ్డు మీద మొదటిసారి వింటే కంగారుపడతాడు.

మళ్ళీ గాలి ఎక్కించి, దిమ్మలు తీసి, పార్కింగ్ బ్రేకు వేసే ఉంచి, తక్కువ గేరులో మెల్లగా లాగి చూడాలి. బండి కదలకూడదు. ఆఖరికి నడక వేగంతో వెళ్ళి కాలి బ్రేకు నొక్కి, ఒక పక్కకి లాగుతోందా అని చూడాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు బజరు పరీక్ష వదిలేయడం. "నిన్న చేశాం కదా" అంటారు. వైరు ఎప్పుడు తెగుతుందో ఎవరికి తెలుసు?

3. స్థలంలో రివర్సు, మలుపులు

లారీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొస్తాయి. నోటితో చెబితే తలూపుతాడు, నమ్మడు. మలుపు లోపలివైపు ఒక కోన్ పెట్టి, ముందు చక్రం దాన్ని దాటాక స్టీరింగు తిప్పమనండి. వెనక చక్రం ఆ కోన్‌ని తొక్కుతుంది. అప్పుడు కిందికి దింపి చూపించండి. అక్కడ కోన్ బదులు సైకిలు మీద మనిషి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత అద్దాలు. అతన్ని సీట్లో కూర్చోబెట్టి మీరు బండి చుట్టూ నడవండి. మీరు ఎక్కడ కనిపించకుండా పోయారో అక్కడ సుద్దతో గీత గీయండి. ముందు బంపరుకి దగ్గర, డ్రైవరుకి అవతలి వైపు తలుపు పక్కన, బండి వెనక ఉండే ఖాళీలు చూసి పాత డ్రైవర్లు కూడా ఆశ్చర్యపోతారు. తర్వాత మీరిద్దరూ చోట్లు మార్చుకుని మళ్ళీ చేయండి.

రివర్సుకి ఒకటే నియమం: అనుమానం వస్తే ఆపి, దిగి, చూసి, మళ్ళీ ఎక్కడం. ఎన్నిసార్లు దిగినా ఎవరూ నవ్వకూడదు. స్థలంలో ఉన్న మిగతావాళ్ళకి ఇది ముందే చెప్పి ఉంచండి. వెనక ఎవరైనా సైగ చేస్తుంటే, ఆ మనిషి అద్దంలో కనిపించకుండా పోయిన క్షణమే బ్రేకు పడాలి.

4. ఖాళీ బండితో రోడ్డు మీదికి

మొదటి రోజులు పగలు, ట్రాఫిక్ తక్కువున్న వేళ. నడుపుతున్నంతసేపూ చూసింది చూసినట్టు పైకి చెప్పమనండి: "ముందు ఆటో ఆగేలా ఉంది... ఎడమవైపు బండి అవతలి తలుపు పక్కకి వచ్చి కనిపించకుండా పోయింది... ఆ కూడలిలో లైటు చాలాసేపటి నుంచి పచ్చగానే ఉంది, మారొచ్చు." మొదట సిగ్గుపడతాడు. అయినా వదలకండి. అతని చూపు ఎంత దూరం పోతోందో మీకు తెలిసే దారి ఇదొక్కటే. ముందున్న బంపరు గురించే మాట్లాడుతుంటే చూపు చాలా దగ్గర్లో ఉందన్నమాట. రాబోయే 12 నుంచి 15 సెకన్లలో చేరబోయే చోటు దాకా చూడాలి. గంటకి 60 కి.మీ. వేగంలో అది పావు కిలోమీటరు.

ముందు బండికీ మనకీ మధ్య ఎడం మీటర్లలో కాకుండా సెకన్లలో లెక్కపెట్టించండి. బండి పొడవు ప్రతి 3 మీటర్లకి ఒక సెకను, వేగం 60 దాటితే పైన ఇంకో సెకను. 12 మీటర్ల లారీకి 60 లోపు 4 సెకన్లు, ఆపైన 5. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్క మొదలుపెట్టి, మనం ఆ స్తంభం చేరేసరికి ఎంతైందో చూడటమే. మధ్యలోకి ఇంకో కారు దూరితే? దూరుతుంది. తిట్టుకోకుండా మళ్ళీ వెనక్కి తగ్గడమే అసలు పరీక్ష.

ఈ ఎడం ఎందుకో ఒక అంకెతో చెప్పండి. గంటకి సుమారు 88 కి.మీ. వేగంలో, పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న లారీ కూడా ప్రమాదం కంట పడిన దగ్గర్నుంచి పూర్తిగా ఆగడానికి దాదాపు 130 మీటర్లు తీసుకుంటుంది. ఎయిర్ బ్రేకులో గాలి చక్రం దాకా చేరే ఆలస్యం దీనికి అదనం.

జాగ్రత్త: ఖాళీ బండి తొందరగా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. బరువు లేనప్పుడు చక్రాలు తేలిగ్గా లాకై జారతాయి. ముఖ్యంగా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేని బండ్లలో, తడి రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వేస్తే వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది.

5. లోడుతో

సగం లోడుతో మొదలుపెట్టి నిండు లోడుకి వెళ్ళండి. ఇక్కడ నేర్పవలసినవి రెండు: మలుపులో వేగం, లోడు కట్టడం.

మలుపు దగ్గర బోర్డు మీదున్న వేగం కార్లకి సరిపోవచ్చు. ఎత్తుగా లోడు వేసిన లారీ ఆ వేగంలో పల్టీ కొట్టగలదు. వేగం మలుపులోకి వెళ్ళకముందే తగ్గాలి, లోపలికి వెళ్ళాక బ్రేకు వేయకూడదు. కొత్తవాళ్ళు సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు.

లోడు కట్టేటప్పుడు అతని చేతులతోనే కట్టించండి. హమాలీలు కట్టారు, క్లీనరు చూశాడు అంటే ఒప్పుకోవద్దు. బయల్దేరిన 80 కి.మీ. లోపు ఒకసారి ఆగి తాళ్ళు, బెల్టులు బిగించాలి. ఆ తర్వాత ప్రతి 240 కి.మీ.కి గానీ మూడు గంటలకి గానీ, ఏది ముందొస్తే అప్పుడు చూడాలి. అమెరికాలో ఇది నిబంధన. నిబంధన లేనిచోట కూడా పాటించదగ్గది.

ఈ తాళ్ళ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. 2018 ఏప్రిల్ 6న కెనడాలోని సస్కాచవాన్‌లో హంబోల్ట్ జూనియర్ హాకీ జట్టు బస్సూ ఒక లారీ ఢీకొన్న ప్రమాదంలో 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. రెండు ట్రైలర్లు లాగుతున్న ఆ లారీ, మెరిసే ఎర్ర లైటున్న పెద్ద స్టాప్ బోర్డుని దాటి కూడలిలోకి వచ్చింది. డ్రైవరు తాగి లేడు, ఫోను మాట్లాడటం లేదు. రెండు వారాలు శిక్షణ, ఆ తర్వాత ఒంటరిగా నడపడం మొదలుపెట్టి ఎన్నో రోజులు కాలేదు. వెనక టార్పాలిన్ ఊడి కొట్టుకుంటుంటే ధ్యాసంతా దాని మీదే ఉందని కోర్టులో చెప్పారు. అనుభవం లేకపోవడమంటే చాలాసార్లు ఇదే. స్టీరింగు తిప్పడం వచ్చు. ఒకేసారి రెండు సమస్యలు వచ్చినప్పుడు ఏది వదిలేయాలో తెలియదు. టార్పాలిన్ చిరిగితే చిరగనీ, భద్రమైన చోటు దొరికాక ఆపుదాం అనే మాట అతని నోట మీకు వినపడాలి.

6. ఘాట్ దిగడం

ఈ పాఠం సీనియర్ పక్కన లేకుండా నేర్చుకోవడానికి వీల్లేదు.

దిగుడు మొదలవకముందే ఆగి, బ్రేకులూ గాలీ చూసుకుని, తక్కువ గేరు వేసుకోవాలి. వేగం అందుకున్నాక గేరు తగ్గించబోతే పడదు, బండి న్యూట్రల్లో ఉండిపోతుంది. అప్పుడిక బ్రేకు ఒక్కటే దిక్కు, అదీ ఎంతోసేపు దిక్కు కాదు. డీజిల్ ఆదా అని న్యూట్రల్లో దించడం కొన్నిచోట్ల ఘనకార్యంగా చెప్పుకుంటారు. మీ దగ్గర అలా చెప్పే సీనియర్ ఉంటే అతనికి కొత్తవాళ్ళని అప్పగించకండి.

ఇంజన్ బ్రేకు, ఎగ్జాస్ట్ బ్రేకు (కాలి బ్రేకు లేకుండా ఇంజనుతోనే వేగం తగ్గించేవి) ఉంటే ముందు వాటితో పట్టాలి. తడి రోడ్డు, ఖాళీ బండి అయితే వాటివల్ల కూడా వెనక చక్రాలు జారవచ్చు, చూసుకోవాలి.

కాలి బ్రేకు వాడే పద్ధతి: ఈ దిగుడుకి మీరు పెట్టుకున్న వేగం గంటకి 40 అనుకోండి. బండి 40 చేరగానే కాస్త గట్టిగా నొక్కి, మూడు సెకన్లలో 32 దాకా తెచ్చి, పూర్తిగా వదిలేయాలి. మళ్ళీ 40 వస్తే మళ్ళీ అంతే. దిగుడు అయ్యేదాకా ఇదే. రెండు తప్పులు కనిపెట్టండి. ఒకటి, పాదం బ్రేకు మీద ఆనించే ఉంచడం: చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. రెండోది, టకటకా పంపు చేయడం: గాలి దిగిపోతుంది.

ఫలితం ఎలా చూడాలి? కిందికి దిగాక భద్రమైన చోట ఆపి, డ్రమ్ముల దగ్గరికి వెళ్ళి అరచేయి దూరం నుంచి పెట్టండి, తాకకండి. సెగ కొడుతున్నా, కాలిన వాసన వస్తున్నా పాదం ఆనించే దిగాడు. ఒక్క చక్రమే మిగతావాటికంటే వేడిగా ఉంటే అది డ్రైవరు తప్పు కాకపోవచ్చు, ఆ బ్రేకు ఎడ్జస్ట్‌మెంట్ మెకానిక్‌కి చూపించండి. పొగ వస్తుంటే దూరంగా ఉండి చల్లారనివ్వండి, నీళ్ళు పోయకండి.

7. రాత్రి, వాన, నిద్ర

వానలో వేగం మూడోవంతు తగ్గాలి: 60తో వెళ్ళే చోట 40. రాత్రి, హెడ్‌లైటు వెలుగు పడినంత దూరంలో ఆగగలిగే వేగమే వేగం.

నిద్ర దగ్గర మాత్రం కొత్తవాళ్ళ మాట నమ్మకండి, పాతవాళ్ళ మాటా నమ్మకండి. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి తీరులా ఉంటుందని పరిశోధనలు చెప్పాయి. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. మీకు ఏ నిబంధనా లేకపోతే దాన్నే పెట్టుకోండి. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య నడపవలసిన ట్రిప్పులు మొదటి నెలల్లో కొత్తవాడికి ఇవ్వద్దు. టీ తాగితే, పాటలు పెడితే నిద్ర ఆగదు. ఆపి పడుకోవాలి. "నిద్రొచ్చి ఆపాను, ఆలస్యమవుతుంది" అని ఫోను వస్తే అవతలి నుంచి మీ గొంతు ఎలా ఉంటుందో, రెండోసారి అతను ఫోను చేస్తాడా లేదా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

8. మొదటి ఒంటరి ట్రిప్పులు

సీనియర్‌తో వెళ్ళిన దారే, పగలే, గడువు ఒత్తిడి లేని లోడే. రెండు ట్రైలర్లు, ఎత్తైన లోడు, కదిలే సరుకు అప్పుడే వద్దు. ఎక్కడ ఆగాలో బయల్దేరేముందే కాగితం మీద రాసుకోమనండి.

నేర్పేవాళ్ళు చేసే పొరపాట్లు

కొత్తవాడు నడుపుతుంటే సీనియర్ వెనక బెర్తులో పడుకోవడం అన్నిటికన్నా చెడ్డది. కాగితం మీద అది శిక్షణ, నిజానికి ఇద్దరు డ్రైవర్లతో ట్రిప్పు తొందరగా లాగించడం. నేర్పే రోజుల్లో స్టీరింగు ముందు కొత్తవాడుంటే పక్క సీట్లో సీనియర్ మేలుకుని ఉండాలి. అలా కుదరదంటే అది నేర్పే ట్రిప్పు కాదని నోటుబుక్కులో రాయండి.

అరవడం ఇంకోటి. అరిస్తే కొత్తవాడి చూపు రోడ్డు మీంచి సీనియర్ మొహం మీదికి పోతుంది. "మెల్లగా", "ఆపు", "ఎడం పెంచు" లాంటి నాలుగైదు మాటలు ముందే అనుకుని అవే వాడాలి. మిగతా చర్చ బండి ఆగాక.

గంటలు లెక్కపెట్టాలా, నైపుణ్యం చూడాలా అన్న వాదన ప్రభుత్వాల మధ్య కూడా తేలలేదు. హంబోల్ట్ తర్వాత సస్కాచవాన్ 2019 మార్చిలో 121.5 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది, కెనడాలోనే ఉన్న అంటారియోలో 2017 నుంచే 103.5 గంటలుంది. అమెరికాలో 2022 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చిన నిబంధన గంటలు పెట్టలేదు, నైపుణ్యం వచ్చిందని శిక్షకుడు ధ్రువీకరిస్తే చాలు. నన్నడిగితే గంటలు కనీసపు హద్దుగా ఉండాలి, తాళం మాత్రం నోటుబుక్కు చూసే ఇవ్వాలి.

తయారయ్యాడో లేదో తేల్చుకోవడం

- పైన చెప్పిన ప్రతి పరిస్థితిలోనూ వరుసగా మూడుసార్లు సీనియర్ కల్పించుకోకుండా గడవాలి. మధ్యలో ఒక్కసారి కల్పించుకున్నా లెక్క మళ్ళీ ఒకటి నుంచి.
- ఆఖరి పరీక్ష నేర్పిన సీనియర్ పెట్టకూడదు. వేరే సీనియర్ కూర్చోవాలి.
- ఒక రోజు బండికి కావాలనే చిన్న లోపం పెట్టి ఉంచండి: వెనక లైటు ఒకటి పీకేయడం, ఒక తాడు వదులు చేయడం లాంటివి. చుట్టూ తిరిగి పట్టుకోవాలి. బ్రేకు, స్టీరింగు, టైర్లు, వీల్ నట్ల జోలికి మాత్రం వెళ్ళకండి. పట్టుకున్నా పట్టుకోకపోయినా, బండి కదలకముందే చెప్పి సరిచేయండి.
- జీపీఎస్ ఉన్న బండైతే గట్టి బ్రేకులు ఎన్ని పడ్డాయో వారం వారం చూడండి. అవి ఎక్కువుంటే వేగం కంటే ముందు ఎడం సంగతి అడగండి.

బండి రకం మారితే ఇదంతా వచ్చినట్టు లెక్కకాదు. మామూలు లారీ నుంచి ట్రైలరుకో ట్యాంకరుకో మారినప్పుడు పైన చెప్పిన 2, 3, 5, 6 పాఠాలు మళ్ళీ చేయించండి. ట్యాంకరు సగం నిండి ఉన్నప్పుడే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బ్రేకు వేసి ఆగాక కూడా లోపలి ద్రవం ముందుకొచ్చి కొట్టి, బండిని కూడలిలోకి తోస్తుంది. ఆగిన వెంటనే పాదం తీయకుండా, ఆ ఊపు సద్దుమణిగే దాకా బ్రేకు పట్టి ఉంచడం ఖాళీ స్థలంలో, సగం దాకా నీళ్ళు నింపి, నేర్పండి.